చిత్తూరు లారీలకు డీఈఎఫ్: సీలు బకెట్టు, బంకు పంపు, చవక క్యాను

చిత్తూరు, తిరుపతి పరిసరాల్లో కొత్త కాలుష్య ప్రమాణమైన బీఎస్-6 లారీ నడిపే ప్రతి యజమానీ డీజిలుతో పాటు పొగను శుద్ధి చేసే మరో ద్రవాన్ని కూడా కొనక తప్పదు. కంపెనీలు డీఈఎఫ్ అని, యాడ్‌బ్లూ అని ముద్రించి అమ్మే ఈ ద్రవాన్ని మా డ్రైవర్లు, మెకానిక్కులు అందరూ యూరియా అనే అంటారు. డీజిలు ధర పది పైసలు పెరిగినా కూర్చుని లెక్క వేసే లారీ యజమానులు, ఈ బకెట్టు దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ తక్కువకు దొరికితే అక్కడే పట్టుకొస్తున్నారు. మామిడి గుజ్జు డ్రమ్ములను చెన్నై రేవుకు తోలి, తిరుగులో దొరికిన సరుకు వేసుకొచ్చే మా లారీలకు మూడు రకాల డీఈఎఫ్ వాడి చూశాం. ఒకటి సీలు వేసిన ఇరవై లీటర్ల బకెట్టు, రెండోది బంకులో పంపుతో పోసేది, మూడోది పేరూ ఊరూ లేని చవక క్యాను. మొదటి రెండింటిలో దేన్ని వాడినా ఫరవాలేదు, మూడోదాన్ని ఉచితంగా ఇచ్చినా బండి దగ్గరికి రానివ్వకూడదు అన్నది నా అభిప్రాయం. దానికి కారణాలు కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది.

డీజిలు ఇంజిన్లో గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. మంట వేడి ఎక్కువైతే మసి తగ్గి మైలేజీ బాగుంటుంది గాని, అదే వేడికి గాలిలోని నత్రజని, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు తయారవుతాయి. పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్లోకే తిప్పి పంపే ఈజీఆర్ పద్ధతిలో మంటను చల్లబరిస్తే ఆక్సైడ్లు తగ్గుతాయి, మసి పెరుగుతుంది. ఇంజిన్ లోపల ఈ రెండింటికీ పొత్తు కుదరదు కాబట్టి, మిగిలిన శుద్ధిని సైలెన్సర్ దారిలో చేయవలసి వచ్చింది. మసిని పట్టుకోవడానికి డీపీఎఫ్ అనే వడపోత, ఆక్సైడ్లను విరగ్గొట్టడానికి ఎస్‌సీఆర్ అనే ఉత్ప్రేరకపు గది పెట్టారు. ఆ గదికి ముందు వేడి పొగలోకి డీఈఎఫ్‌ను సన్నటి తుంపరగా చిమ్ముతారు. నీరు ఆవిరై, యూరియా విడిపోయి అమ్మోనియా పుడుతుంది. ఉత్ప్రేరకం మీద ఆ అమ్మోనియా నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి మామూలు నత్రజనిగా, నీటి ఆవిరిగా మారి బయటికి పోతుంది.

దీని ఫలితం చిన్నది కాదు. బీఎస్-4 భారీ ఇంజిన్‌కు కిలోవాట్ గంటకు 3.5 గ్రాముల దాకా అనుమతించిన నైట్రోజన్ ఆక్సైడ్లను, వేగం మారుతూ సాగే పరీక్షలో బీఎస్-6 ప్రమాణం 0.46 గ్రాములకు దించింది. మసి కణాల పరిమితి కూడా అదే తరహా పరీక్షలో 0.03 గ్రాముల నుంచి 0.01కి తగ్గింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా ఈ ప్రమాణం అమలులోకి వచ్చినప్పుడు బీఎస్-5ను పూర్తిగా దాటేశారు, డీజిలులో గంధకాన్ని పది లక్షల పాళ్లలో 50 పాళ్ల నుంచి 10 పాళ్లకు తగ్గించారు. డీజిలు పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చి మొదటి వర్గంలో చేర్చింది. నైట్రోజన్ ఆక్సైడ్లు ఊపిరితిత్తులను రేపడమే కాక, ఎండకు ఓజోన్‌గానూ, గాలిలోని అమ్మోనియాతో కలిసి సన్నని ధూళిగానూ మారతాయి. రేణిగుంట రోడ్డు మీద రోజంతా నిలబడి వ్యాపారం చేసుకునేవాళ్లు పీల్చేది ఈ గాలినే. ఇంత మార్పూ చివరికి ఆ ట్యాంకులో పోసిన ద్రవం స్వచ్ఛత మీద ఆధారపడి ఉంది.

డీఈఎఫ్‌లో ఉండేవి రెండే: బరువులో 32.5 శాతం యూరియా, మిగిలిన 67.5 శాతం ఖనిజాలు తీసేసిన నీరు. వినడానికి ఇంటి పెరట్లో కలుపుకోవచ్చుననిపించేంత సులువుగా ఉంటుంది, చాలామంది మోసపోయేది కూడా ఇక్కడే. దీనికి వర్తించే ఐఎస్‌ఓ 22241 అనే అంతర్జాతీయ ప్రమాణం కిలోకు కాల్షియం 0.5 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.5 మిల్లీగ్రాములు, రాగి 0.2 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది. మన తాగునీటి ప్రమాణమే లీటరుకు 75 మిల్లీగ్రాముల కాల్షియం దాకా మంచిదని, వేరే నీరు దొరకని చోట 200 దాకా సరేనని ఒప్పుకుంటుంది. లీటరుకు 100 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న బోరు నీళ్లు అనుకుంటే, అవి ఒక్క లీటరు కలిస్తే చాలు, రెండు వందల లీటర్ల డీఈఎఫ్ దాదాపు హద్దు దాకా చేరిపోతుంది. కాగిన బిందె అడుగున సున్నంలా పేరుకునే చిత్తూరు బోరు నీళ్లు చూసినవారికి దీన్ని ఇంతకన్నా విడమర్చి చెప్పనక్కరలేదు. డీఈఎఫ్ పోయడానికి వాడే గరాటును కుళాయి కింద కడిగి అలాగే పెట్టకూడదని మా షెడ్డులో చెప్పేది అందుకే.

మొదట సీలు బకెట్టు సంగతి. ఇండియన్ ఆయిల్ వారి క్లియర్‌బ్లూ, టాటా మోటార్స్ సొంత పేరుతో అమ్మే డీఈఎఫ్, గల్ఫ్ వారి యాడ్‌బ్లూ వంటివి సీలు వేసిన బకెట్లలో వస్తాయి. యాడ్‌బ్లూ అనేది జర్మనీ వాహన పరిశ్రమల సంఘమైన వీడీఏకు చెందిన ట్రేడ్‌మార్కు. ఆ పేరు వాడాలంటే లైసెన్సు తీసుకుని నాణ్యత పరీక్షలకు లోబడాలి కాబట్టి, ఆ ముద్రకు కొంత విలువ ఉంది. అయితే డీఈఎఫ్ అని మాత్రమే రాసి ఉన్నంత మాత్రాన సరుకు తక్కువదని అర్థం కాదు, ఐఎస్‌ఓ 22241 అన్న అక్షరాలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఉన్నాయా అన్నదే చూడాలి. ద్రవం విషయంలో ఈ బకెట్ల మీద మాకు ఇంతవరకు ఫిర్యాదు లేదు. నాలుగు చుక్కలు గాజు గ్లాసులో పోసి వెలుతురుకు ఎత్తి చూస్తే మంచినీళ్లలాగే తేటగా ఉండాలి, ముక్కు దగ్గర పెట్టుకుంటే అమ్మోనియా వాసన లీలగా తగలవచ్చు, ఘాటుగా కొట్టకూడదు.

ఫిర్యాదంతా ఆ బకెట్టు అమ్మే దుకాణాల మీదే. డీఈఎఫ్ వేడికి పాడయ్యే సరుకు. 25 డిగ్రీలలో నిల్వ ఉంచితే పద్దెనిమిది నెలలు, 30 డిగ్రీలలో ఏడాది, 35 డిగ్రీలలో ఆరు నెలలు నిలుస్తుందని ప్రమాణమే చెబుతుంది. మే నెలలో తిరుపతి ఎండ నలభై దాటుతుంది, రేకుల కప్పు కింద ఇంకా ఎక్కువ ఉంటుంది. బంకు ముందు ఎండలో గోపురంలా పేర్చిన బకెట్లలో అడుగు వరుసది ఎప్పుడు వచ్చిందో అమ్మేవాడికే తెలియదు. వేసవిలో తయారీ తేదీ నుంచి మూడు నెలలు దాటిన బకెట్టును మేము తీసుకోవడం మానేశాం. ఇది మా సొంత కట్టుబాటే గాని ఎవరూ పెట్టిన నియమం కాదు. మైనస్ 11 డిగ్రీల దగ్గర ఈ ద్రవం గడ్డకడుతుందని కూడా బకెట్ల మీద జాగ్రత్తగా రాస్తారు, చిత్తూరు జిల్లాలో ఆ హెచ్చరిక అక్కరకు వచ్చే రోజు రాదు.

బకెట్టులో రెండో లోపం పోసే గొట్టం. కొన్నింటిలో అది పొట్టిగా ఉండి, నీలం మూత ఉన్న ట్యాంకు మూతి దాకా అందదు. కారిన ద్రవం చాసీ మీద ఎండి తెల్లటి పొరగా మిగులుతుంది. వెంటనే నీళ్లు కొట్టి కడగకపోతే ఇత్తడి, రాగి కనెక్షన్లను అది తినేస్తుంది. డీఈఎఫ్‌ను స్టెయిన్‌లెస్ స్టీలులోనో తగిన ప్లాస్టిక్‌లోనో తప్ప ఇనుప డ్రమ్ములో, ఇత్తడి కుళాయి ఉన్న పీపాలో పెట్టకూడదన్న నియమం కూడా ఇందుకే వచ్చింది.

ఇక బంకులో పంపుతో పోసే డీఈఎఫ్. జాతీయ రహదారుల మీద కొన్ని బంకుల్లో డీజిలు పంపు పక్కనే దీనికి వేరే యంత్రం ఉంటోంది. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది. బకెట్టు ఎత్తే పని లేదు, గరాటు లేదు, దుమ్ము పడదు, ఎంత కావాలో అంతే పోయించుకోవచ్చు. డీఈఎఫ్ గన్ను మూతి 19 మిల్లీమీటర్లే ఉంటుంది, లారీ ట్యాంకు మూతి కూడా దానికి తగ్గట్టే చిన్నది కాబట్టి డీజిలు గన్ను అందులో పట్టదు. అయినా అర్ధరాత్రి నిద్ర కళ్లతో డీజిలు ట్యాంకులో డీఈఎఫ్ క్యాను వంచేసిన డ్రైవర్ల కథలు ప్రతి మెకానిక్ దగ్గరా ఉంటాయి, పంపు దగ్గర మనిషి నిలబడి ఉంటే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. అమ్మకం జోరుగా ఉన్న బంకులో సరుకు తాజాగా ఉంటుంది. తక్కువ లారీలు ఆగే బంకులో అదే ద్రవం ట్యాంకులో నెలల తరబడి ఉడికిపోతూ ఉంటుంది కాబట్టి, మేము మా దారిలో లారీలు బారులు తీరే చోటే పోయిస్తాం. యంత్రం పాడైందన్న బోర్డు అప్పుడప్పుడు కనిపించడం ఒక్కటే ఇబ్బంది, అందుకని బండిలో ఒక సీలు బకెట్టు ఎప్పుడూ ఉంచుకోవాలి.

మూడోదైన చవక క్యాను మా షెడ్డుకు వచ్చింది ఒక్కసారే. దారిలో ఒక దుకాణంలో డ్రైవరు కొన్నాడు, ఆ దుకాణం పేరు ఇక్కడ అనవసరం. లేబులు మీద నీలం రంగు తప్ప తయారీదారు చిరునామా లేదు, బ్యాచ్ నంబరు లేదు. గ్లాసులో పోస్తే పైన సన్నటి జిడ్డు తేలింది, కాసేపటికి అడుగున బూడిద రంగు నలక దిగింది. మన దేశంలో వ్యవసాయ యూరియాకు 2015 నుంచి వేప నూనె పూత తప్పనిసరి. అలాంటి జిడ్డు కనబడగానే అనుమానం నేరుగా ఎరువుల బస్తా మీదికి పోతుంది. సబ్సిడీతో 45 కిలోల బస్తా రూ.266.50కే రైతుకు దొరుకుతుంది, దాన్ని నీళ్లలో కలిపితే నూట ఇరవై లీటర్లకు పైగా నకిలీ ద్రవం తయారవుతుంది. ఇంత లాభం ఉన్నచోట ఆశ పుట్టక మానదు. రైతు కోసం ప్రభుత్వం భరించే డబ్బు ఇలా లారీ సైలెన్సర్‌లోకి పోవడం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నేరం కూడా. నాట్ల కాలంలో యూరియా కోసం సొసైటీ ముందు చెప్పులు వరుసలో పెట్టి నిలబడే రైతును చూసినవారెవరూ ఆ క్యాను కొనలేరు.

బండికి జరిగే నష్టం వేరే. వేప నూనె, బైయురెట్ (ఎరువుల యూరియాలో ఉండే ఒక మలినం), కాల్షియం వంటివి చిమ్మే నాజిల్ సన్నని రంధ్రాల దగ్గర, దాని తర్వాతి గొట్టంలో రాయిలా గట్టిపడతాయి. ఒక లారీ గొట్టాన్ని మెకానిక్ విప్పినప్పుడు లోపల పేరుకున్న తెల్లటి గడ్డను స్క్రూడ్రైవరుతో కొట్టినా పెళుసుగా రాలుతుందే గాని మొత్తంగా ఊడలేదు. ఫాస్ఫరస్, సోడియం, పొటాషియం లాంటివి ఉత్ప్రేరకం మీద చేరి దాని శక్తినే చంపుతాయి, ఆ గది మార్చడమంటే ఎన్నో ఏళ్ల డీఈఎఫ్ ఖర్చు ఒక్క బిల్లులో కట్టినట్టే.

నాణ్యత చూడటానికి రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న పరికరం దొరుకుతుంది. గాజు పలక మీద ఒక చుక్క వేసి, మూత దించి, వెలుతురు వైపు చూస్తే నీలం, తెలుపు కలిసే గీత దగ్గర శాతం కనిపిస్తుంది. 31.8 నుంచి 33.2 మధ్య ఉంటే యూరియా పాలు సరిపోయినట్టు. ప్రతి లారీ యజమానీ కొనుక్కోదగిన వస్తువే, కానీ దాన్ని చూపించి సరుకు స్వచ్ఛమని చెప్పే దుకాణదారును మాత్రం నమ్మనక్కరలేదు. ఎరువుల యూరియాను సరైన కొలతలో కలిపినా పరికరంలో 32.5 చూపిస్తుంది, కాల్షియాన్నీ నూనెనూ అది పట్టలేదు. నీళ్లు కలిపి పలుచన చేసిన మోసాన్ని పట్టుకోవడానికే అది పనికొస్తుంది.

మంచి డీఈఎఫ్ పోసినా ఇబ్బంది పడుతున్నామనేవారు ముందు బండి ఎక్కడ తిరుగుతోందో చూసుకోవాలి. పొగ సుమారు 200 డిగ్రీల వేడి అందుకోకపోతే బండిలోని కంప్యూటర్ సాధారణంగా డీఈఎఫ్ చిమ్మడమే మొదలుపెట్టదు. ఆ హద్దు దగ్గరే ఊగిసలాడుతూ నడిస్తే యూరియా పూర్తిగా విడిపోక గడ్డలు కడుతుంది. తోతాపురి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు లారీలు రాత్రంతా వరుసలో ఉంటాయి, ఏసీ కోసమో ఫోను చార్జింగు కోసమో డ్రైవర్లు ఇంజిన్ ఆపరు. ఆ సమయంలో ఎస్‌సీఆర్ పనిచేయదు, డీపీఎఫ్‌లో మసి మాత్రం నిండుతూ పోతుంది. అదే లారీ సరుకుతో మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరేసరికి పొగ బాగా వేడెక్కి, వడపోతలోని మసి చాలావరకు తనంత తానే కాలిపోతుంది. సీజనులో మా డ్రైవరు ఫోను చేసి, "అన్నా, మళ్లీ సైలెన్సర్ లైటు పడింది, ఏం చేసేది?" అని అడిగితే, మొదట మేము అడిగేది వరుసలో ఎంతసేపు ఇంజిన్ ఆన్ చేసి పెట్టావనే. హైవే మీద కొంత దూరం ఒకే వేగంతో లోడు మీద నడిపితే చాలాసార్లు లైటు ఆరిపోతుంది. ఆరకపోతే పార్కింగులో నిలిపి వడపోతను వేడిచేసే రీజనరేషన్ చేయించాలి. అప్పుడు లోపల వేడి 550, 600 డిగ్రీలకు చేరుతుంది కాబట్టి ఎండుగడ్డి పక్కన, గోనెసంచుల దగ్గర బండిని నిలపకూడదు. మసి కాలినా ఇంజిన్ ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు, అందుకే కంపెనీ చెప్పిన తక్కువ బూడిద ఆయిలే పోయాలి, వడపోతను అప్పుడప్పుడు విప్పి శుభ్రం చేయించాలి.

ఈ బాధలన్నీ లేకుండా చేస్తామని, చిన్న పరికరం బిగించి డీఈఎఫ్ పోయకుండానే బండి నడిచేలా కంప్యూటర్‌ను నమ్మిస్తామని చెప్పే మెకానిక్కులు ఉన్నారు. ఆ సేవను కూడా సమీక్షలో చేర్చాలంటే ఒక్క నక్షత్రం కూడా ఇవ్వను. ఎస్‌సీఆర్‌ను నమ్ముకుని మంట వేడిగా ఉండేట్టు తయారుచేసిన ఇంజిన్‌కు ఆ గది పని ఆపేస్తే, నైట్రోజన్ ఆక్సైడ్లు పాత బీఎస్-4 బండి కన్నా ఎక్కువే వదలవచ్చు. కంటికి మాత్రం ఏమీ కనిపించదు, ఎందుకంటే డీపీఎఫ్ మసిని పడుతూనే ఉంటుంది. కాలుష్య ధ్రువపత్రం ఇచ్చే కేంద్రంలో డీజిలు బండికి చూసేది పొగ ఎంత దట్టంగా ఉందనే గాని ఆక్సైడ్లను కొలవరు కాబట్టి, అక్కడ కూడా ఆ బండి దర్జాగా నెగ్గుతుంది. బండి తయారీ లక్షణాలను ఇలా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం, వారంటీ ఎలాగూ పోతుంది. తిరుమల కొండకు 2022 నుంచి ఆర్టీసీ విద్యుత్ బస్సులు నడుస్తున్నాయి. సరుకు లారీలకు అలాంటి రోజు వచ్చేదాకా, మనం పొగను తగ్గించగల మార్గం ఈ ట్యాంకే. దాన్ని కూడా ఎండబెట్టి డబ్బు మిగిలిందనుకోవడం నాకు మింగుడుపడదు.

పైగా మిగిలేది కూడా ఎంతో కాదు. డీజిలులో సుమారు నాలుగు నుంచి ఆరు శాతం డీఈఎఫ్ ఖర్చవుతుంది. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే లారీకి ఐదు శాతం లెక్కన ఇరవై లీటర్ల బకెట్టు పదహారు వందల కిలోమీటర్ల దాకా వస్తుంది, అంటే చిత్తూరు నుంచి చెన్నైకి దాదాపు ఐదు సార్లు పోయి రావచ్చు. ఆ దూరానికి నాలుగు వందల లీటర్ల డీజిలు పోస్తున్నప్పుడు, మంచి బకెట్టుకూ చవక క్యానుకూ ఉన్న తేడా టీ ఖర్చుల్లో కలిసిపోతుంది. ధర ఒక్కసారిగా ఎగసిన సందర్భాలు లేకపోలేదు. 2021 అక్టోబరులో చైనా యూరియా ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టినప్పుడు దక్షిణ కొరియాలో లారీలు డీఈఎఫ్ లేక ఆగిపోయే దాకా వచ్చింది. అలాంటి రోజుల కోసం నెలకు సరిపడా సరుకు నీడలో పెట్టుకుంటే చాలు, అంతకు మించి నిల్వ చేస్తే ఇక్కడి ఎండకు అది పాడవుతుంది. ట్యాంకు ఖాళీ అయితే ఏమవుతుందో కూడా డ్రైవర్లకు చెప్పి ఉంచాలి. నిబంధనల ప్రకారం మొదట ఇంజిన్ టార్కు, అంటే లాగే శక్తి, నాలుగో వంతు తగ్గుతుంది, అప్పటికీ పట్టించుకోకపోతే వేగం గంటకు 20 కిలోమీటర్లకు పడిపోతుంది. లోడుతో ఘాట్ రోడ్డు మీద ఆ స్థితి వస్తే వెనక వచ్చేవాళ్లకు కూడా ప్రమాదమే.

కంపెనీలు మెరుగుపరచుకోవలసినవి రెండు కనిపిస్తున్నాయి. తయారీ తేదీని బకెట్టు అడుగున చెరిగిపోయే సిరాతో వేయకుండా, మూత పక్కన కనబడేట్టు ముద్రించాలి. ఆ బ్యాచ్ పరీక్ష ఫలితాన్ని ఫోనుతో స్కాన్ చేసి చూసుకునే వీలుండాలి, కాల్షియం ఎంతో లారీ యజమానికి తెలియాలంటే అలాంటి మార్గం కావాలి. ఇక ఖాళీ బకెట్ల విషయం కొన్నవారి చేతిలోనే ఉంది. పేరున్న కంపెనీ బకెట్టు, మూతతో సహా చెక్కుచెదరకుండా ఉంటే పాత సామాన్లవాళ్లు మంచి ధరే ఇస్తారు, అందులో మళ్లీ ఏం నింపుతారో ఊహించడం కష్టం కాదు. మా షెడ్డులో ప్రతి ఖాళీ బకెట్టుకూ అడుగున డ్రిల్లుతో రంధ్రం వేసి, లేబులు చింపాకే పాత సామాన్లవాడికి వేస్తున్నాం. అతను సగం ధరే ఇస్తున్నాడు.